అత్తయ్య పద్యం వెనక వయొలిన్లు

నన్ను పెళ్ళిచూపులు చూడటానికి వచ్చిన రోజు మా అత్తయ్య వంట వచ్చా అని అడగలేదు. జడ ఎంత పొడుగుందో చూడలేదు. మా నాన్న హార్మోనియం పెట్టె నా ముందుకు జరిపి, ఐదు శ్రుతిలో మోహన రాగం అందుకోమంది. అందుకున్నాను. ఆమె పద్యం ఎత్తుకుంది. పెళ్ళికొడుకు ఏ రంగు చొక్కా వేసుకొచ్చాడో నాకిప్పటికీ గుర్తు లేదు గానీ, ఆమె రెండో పాదం చివర ఎక్కడ ఊపిరి తీసుకుందో గుర్తుంది. సంబంధం కుదిరింది. కోడల్ని చేసుకుంటున్నారా, హార్మోనిస్టును కుదుర్చుకుంటున్నారా అని మా అమ్మ చాలా రోజులు సణిగింది.

మా అత్తయ్య పద్యనాటకాల్లో రాజు వేషం కట్టేది. చీరాల మా ఊరు. అక్కడి నుంచి ఇటు గుంటూరు దాకా, అటు ఒంగోలు దాటిందాకా, పత్తి అమ్ముకుని జనం చేతిలో నాలుగు డబ్బులాడే రోజుల్లో రాజు వేషానికి ఆమెనే పిలిచేవాళ్ళు. మనిషి పొట్టి. ఇంట్లో చూస్తే నడుం మీద చెయ్యేసుకుని కుంటుతూ తిరిగే మామూలు ఇల్లాలు. కిరీటం పెట్టుకుని తెర వెనక నుంచి రాగం తీస్తూ వచ్చిందంటే మాత్రం ముందు వరసలో వాళ్ళు బీడీలు ఆర్పేసేవాళ్ళు. నా పెళ్ళయిన కొన్నాళ్ళకే, ఆమె నాటకాలకు వాయించే మా నాన్న చేతులు వణకడం మొదలై, ఆయన పెట్టె ముందు నేను కూర్చున్నాను. అప్పటి నుంచి ఆమె పద్యం, నా హార్మోనియం.

ఇంట్లో మాకు పడేది కాదు. నిజం చెప్పడానికి మొహమాటమెందుకు? చారులో ఉప్పు దగ్గర మొదలైతే వాకిట్లో ముగ్గు దాకా పోయేది. మధ్యలో మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. స్టేజి మీద మాత్రం నేను ఆమెకు నీడను. పద్యానికి తాళం ఉండదు కదా. ఎక్కడ సాగదీస్తారో, ఎక్కడ విరుస్తారో పాడేవాళ్ళ ఇష్టం. హార్మోనియం అర ఊపిరి వెనకగా వాళ్ళ వెంట పోవాలి. వాళ్ళు ఊపిరి తీసుకునే సందులో, అప్పుడే పాడిన ముక్కను తిరిగి పలికించి ఆ ఖాళీ నింపాలి. మా అత్తయ్య ఏ పద్యమూ ఒకసారి పాడినట్టు ఇంకోసారి పాడి ఎరగదు. జనం ఊగుతుంటే రాగం పెరిగేది. జనం కునుకుతుంటే ఇంకా పెరిగేది, వాళ్ళను లేపాలి కాబట్టి. ఎడమ భుజం కాస్త లేచిందంటే పైస్థాయికి పోబోతున్నదని గుర్తు. ఆ భుజం చూసీ చూసీ నా మెడ పట్టేసేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ పైస్థాయి పలచబడటం మొదలైంది. రాగం చివర పైషడ్జం మీద, అంటే పై స మీద, నిలబడే చోట సన్నటి జీర వినపడేది. మొదటిసారి విన్నప్పుడు పెట్టెలో రీడేదో పోయిందనుకుని, ఇంటికొచ్చి విప్పి చూశాను. రీడ్లన్నీ లక్షణంగా ఉన్నాయి. ఆ తర్వాత నుంచి ఆ చోటుకు వచ్చేసరికి తిత్తి గట్టిగా నొక్కి, నా స్వరం పెంచి, ఆమె గొంతును కప్పేదాన్ని. జనం కనిపెట్టలేదు. ఆమెకు నేను చెప్పలేదు, ఆమె నన్ను అడగలేదు.

నా భయం ఒకటే. ఆమె పాడినదేదీ ఎక్కడా నిలవలేదు. ఎవరో తిరునాళ్ళలో టేపురికార్డరు పెట్టి పట్టిన క్యాసెట్టు ఒకటుంది, దాన్నిండా పీచు మిఠాయి వాడి గంటే. ఇంట్లో ఎంత పోట్లాడుకున్నా, ఆ గొంతు వినపడని రోజు వస్తుందనుకుంటే నాకు గుండెల్లో రాయి పడేది. ఆ గొంతు ఉండగానే అది ఎక్కడైనా భద్రంగా చేరాలి అనుకునేదాన్ని. 

అలాంటి రోజుల్లో గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒక షావుకారు గారు మా ఇంటికొచ్చారు. ఆయనకు పద్యనాటకమంటే ప్రాణం. మా నాటకం ఏ ఊళ్ళో ఆడినా కారేసుకుని వచ్చి ముందు కుర్చీలో కూర్చునేవారు. కరువొచ్చిన దేశంలో తన కిరీటం కరిగించి గింజలు కొనమనే రాజు కథ మాది. కిరీటం తీసి పళ్ళెంలో పెడుతూ రాజు పాడే పద్యానికి ఆయన ప్రతిసారీ కళ్ళు తుడుచుకునేవారు. ఆ నాటకాన్ని సినిమాగా తీస్తానన్నారు. వేషాలు వేసేవాళ్ళు మా వాళ్ళే, పద్యాలు మావే. వెనక సంగీతం మాత్రం మద్రాసులో చేయిస్తారట. సినిమా అన్నాక వెనక వయొలిన్లు సముద్రంలా మోగాలి, ఈ పెట్టె ఒక్కటే ఏం సరిపోతుంది అన్నారు నా వైపు చూసి. నాకు ఒళ్ళు మండింది. కానీ అత్తయ్య ముఖం చూశాక కాఫీ గ్లాసు మర్యాదగానే అందించాను.

దర్శకుడు టీవీకి పని చేసి వచ్చిన యువకుడు. పొందికైన మనిషి. సినిమా పద్ధతి ప్రకారం ముందు పద్యాలు రికార్డు చేసి, షూటింగులో అవి వినిపిస్తూ పెదవులు కలపమంటే సరిపోతుందన్నాడు. గుంటూరులో ఒక చిన్న స్టూడియోలో ఒక పద్యం పట్టారు. బాగానే వచ్చింది. మర్నాడు దాన్ని స్పీకరులో పెట్టి, అత్తయ్యను కెమెరా ముందు నిలబెట్టి, పెదవులు కదపమన్నారు. ఆమె పెదవులు కదపలేదు, పాడేసింది. అదీ వేరే రకంగా. స్పీకరులో రాజు మూడో పాదంలో ఉంటే, ఎదురుగా ఉన్న రాజు రెండో పాదాన్ని ఇంకా సాగదీస్తూనే ఉన్నాడు. దర్శకుడు దండం పెట్టి, నిన్న పాడినట్టే పాడండమ్మా అన్నాడు.

"నిన్న పాడింది ఇయ్యాళ ఎందుకు పాడతానయ్యా?" అంది మా అత్తయ్య.

ఆమె అన్నది వెటకారం కాదు. నిజంగానే అర్థం కాక అడిగింది. ఎన్నిసార్లు ప్రయత్నించినా అదే కథ. చివరికి దర్శకుడు విసిగి, షూటింగు జరుగుతుండగానే ఆమె గొంతు పట్టేద్దామన్నాడు. నేను కనపడకుండా ఓ మూల కూర్చుని హార్మోనియం వాయించాలి. వయొలిన్ల సంగతి మద్రాసులో చూసుకుందామనుకున్నారు.

షావుకారు గారు ఖర్చు కలిసొస్తుందని తన మిర్చి గోడౌనులోనే రాజదర్బారు సెట్టు వేయించారు. బస్తాలన్నీ ఖాళీ చేయించారు పాపం, కడిగించారు కూడా. మిరప ఘాటు కడిగితే పోతుందా? అత్తయ్య సింహాసనం మీద కూర్చుని రాగం అందుకోవడమేమిటి, దగ్గు అందుకుంది. తర్వాత మంత్రి అందుకున్నాడు. కెమెరా ఆయన తువ్వాలు ముఖానికి చుట్టుకున్నాడు. కరువు కంటే ముందు ఘాటుతోనే పోయేట్టుంది ఆ రాజ్యం. యార్డులో పుట్టి పెరిగిన షావుకారు గారు ఒక్కరే హాయిగా ఊపిరి పీల్చుకుంటూ, ఏమైందండీ మీ అందరికీ అని అడిగారు.

సెట్టు విప్పి చిలకలూరిపేట దగ్గర ఒక పత్తి మిల్లు గోడౌనుకు మార్చారు. అది మా అదృష్టం. గోడల వెంట పత్తి బేళ్ళు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. సౌండు చూసే ఆయన మధ్యలో నిలబడి ఒక చప్పట కొట్టి, మళ్ళీ కొట్టి, ముఖం వెలిగిపోతుండగా చుట్టూ చూశాడు. ఎక్కడా ప్రతిధ్వని లేదు. మాట నోట్లోంచి వచ్చినంత శుభ్రంగా వినపడుతోంది. నన్ను తీసుకెళ్ళి బేళ్ళ వెనక కూర్చోబెట్టాడు. సందులోంచి అత్తయ్య భుజం కనపడుతుంది. హార్మోనియం ఆమెకు వినపడితే చాలు, మైకులో పడకూడదు, మెల్లగా వాయించాలి అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. మెల్లగా వాయిస్తే పైన ఆమెను కప్పేదెట్లా? ఆ మాట ఆయనతో అనలేను, ఆమెతో అసలే అనలేను.

కిరీటం పద్యం తీసే రోజున కరువు జనంగా నిలబడటానికి షావుకారు గారు యార్డు నుంచి మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళను లారీలో తెప్పించారు. కదలకుండా నిలబడి, దిగులుగా చూడమన్నారు వాళ్ళను. అత్తయ్య పద్యం ఎత్తుకుంది. బాగానే సాగింది. చివరి రాగంలో పైకి పోయే చోట జాగ్రత్తపడి, అంచు తాకి తాకకుండా దిగివచ్చింది. జీర పడలేదు గానీ, నిలబడలేదు కూడా. ఫరవాలేదులే అనుకున్నాను. దర్శకుడు కట్ చెప్పడానికి చెయ్యెత్తాడు.

ఈలోగా కరువు జనం ఈల వేశారు. వెనక నుంచి ఒకామె, వన్స్ మోర్ అని అరిచింది. ఆ వెంటనే అందరూ అందుకున్నారు.

నాటకం చూసి పెరిగిన ఏ ఊళ్ళోనైనా అంతే. పద్యం నచ్చితే మళ్ళీ పాడించుకోవడం జనం హక్కు. చచ్చిపడిన రాజు కూడా వన్స్ మోర్ అంటే లేచి, పద్యం పాడి, మళ్ళీ పడిపోవాల్సిందే. ఇది సినిమా అని, ఎదురుగా రీలు తిరుగుతోందని ఆ ఆడవాళ్ళకు ఎట్లా తెలియదో మా అత్తయ్యకూ అట్లాగే తెలియకుండా పోయింది. రెండడుగులు ముందుకొచ్చి, కిరీటం చంకలో పెట్టుకుని, కెమెరాకు నమస్కారం చేసి, కిరీటం తిరిగి నెత్తిన పెట్టుకుని, పద్యం మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. నన్నేం చెప్పమంటారు? నా వేళ్ళు అప్పటికే హార్మోనియం మెట్ల మీద ఉన్నాయి. దర్శకుడు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచాడు. రీలు ఆపాల్సిన కెమెరా ఆయనది తెనాలి పక్కన ఊరు. ఆయనా పద్యం వింటూ ఆపడం మరిచిపోయాడు.

రెండోసారి పాడింది మా అత్తయ్య. పాత అత్తయ్య. ఎదురుగా జనం ఉన్నారు, అడిగి పాడించుకుంటున్నారు, ఇంకేం కావాలి ఆమెకు? చివరి రాగంలో ఎడమ భుజం లేచింది. తిత్తి మీద నా చెయ్యి గట్టిగా నొక్కబోయి, సౌండు ఆయన మాట గుర్తొచ్చి ఆగింది. ఆమె గొంతు ఒంటరిగా పైషడ్జం మీదికి పోయి నిలబడింది. నిలబడే ఉంది. జీర లేదు, వణుకు లేదు. బేళ్ళ వెనక కూర్చుని నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. అది మళ్ళీ వస్తుందో రాదో తెలియదు, వచ్చిన ఒక్కసారి పట్టేశారు. నమస్కారం ముక్క కోసేసి ఆ రెండోదే ఉంచుతానన్నాడు దర్శకుడు. ఆ పూట నేను ఇంట్లో ఎవరితోనూ పోట్లాడలేదు.

అంత సంతోషం ఎక్కువ కాలం ఉంటుందా? వెనక సంగీతం పనికి అత్తయ్యా, నేనూ, షావుకారు గారూ చీరాలలో పగటి బండి ఎక్కి మద్రాసు పోయాం. సంగీత దర్శకుడు బాపట్ల వైపు నుంచి చిన్నతనంలోనే అక్కడికి పోయి స్థిరపడ్డ పెద్దమనిషి. మాటలో గానీ మర్యాదలో గానీ వంక పెట్టడానికి లేదు. పద్యాలన్నీ శ్రద్ధగా విని, గొంతు గొప్పగా ఉందమ్మా అని అత్తయ్యకు దండం పెట్టాడు. ఆ తర్వాత నెమ్మదిగా అసలు సంగతి చెప్పాడు. వాద్యగాళ్ళంతా కాగితం మీద రాసింది చూసి, తాళం ప్రకారం, అందరూ ఒక్కసారే వాయిస్తారు. ఈ గొంతుకు తాళం లేదు. అందుకని ఆమె చెవిలో తాళం టిక్కు టిక్కుమని మోగుతుండగా, దానికి కట్టుబడి పద్యాలు మళ్ళీ పాడాలి. కుదరకపోతే, పెదవుల కదలికకు సరిపెట్టి ఎవరైనా సినిమా గాయకురాలి చేత పాడించాలి.

అత్తయ్యను అద్దాల గదిలో నిలబెట్టి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టారు. ఆమె కిరీటం సర్దుకున్నట్టు దాన్ని సర్దుకుంది. టిక్కులు మొదలయ్యాయి. మొదటి పాదం ఎలాగో నడిపింది. రెండో పాదంలో సాగదీయబోయి, టిక్కు వెనక నుంచి తోసినట్టయి, ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ఆగింది. అద్దం ఇవతల నుంచి చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఏళ్ళ తరబడి రాజుగా నడిచిన మనిషి అక్కడ రోడ్డు దాటలేక నిలబడ్డ ముసలమ్మలా ఉంది. కొంతసేపటికి ఆమే హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి బయటికొచ్చింది. వేరేవాళ్ళ చేత పాడించుకోండయ్యా, బొమ్మ నాదేగా అంది నవ్వుతూ. ఆ నవ్వు స్టేజి నవ్వని నాకొక్కదానికే తెలుసు.

షావుకారు గారు తలూపేశారు. అప్పటికే బోలెడు ఖర్చు పెట్టిన మనిషి, ఆయన్నీ అనడానికి లేదు. కానీ నేను అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మీ వయొలిన్లకు చేతకాక మా అత్తయ్య గొంతు తీసేస్తారా అన్నాను. మీరు కళ్ళు తుడుచుకున్నది ఎవరి గొంతుకండీ అని షావుకారు గారిని నిలదీశాను. గట్టిగానే అన్నాను, గదిలో అరవం వాళ్ళూ మలయాళం వాళ్ళూ కూడా తిరిగి చూశారు. అత్తయ్య నా మోచెయ్యి పట్టి లాగుతోంది. ఇంట్లో నామీద నోరెత్తే మనిషి అక్కడ నా నోరు మూయించాలని చూస్తోంది. సంగీత దర్శకుడు మాత్రం కోపం తెచ్చుకోలేదు. నన్ను కూర్చోమని మంచినీళ్ళిచ్చి, తాళం లేకుండా ఇన్నాళ్ళూ మీరు వెంట ఎట్లా వాయించారమ్మా అని అడిగాడు.

చెప్పాను. అర ఊపిరి వెనకగా పోవడం, సందుల్లో నింపడం, భుజం చూడటం. ఆమె ఎప్పుడూ ఒకేలా పాడదు కాబట్టి దాన్ని కాగితం మీద రాయడం బ్రహ్మ తరం కూడా కాదని, నాకే ప్రతిసారీ ప్రాణం మీదికి వస్తుందని కూడా చెప్పాను. ఆయన వింటూ వింటూ ఒకచోట నన్ను ఆపాడు.

"అమ్మా, ఎప్పుడూ ఒకేలా పాడరు, నిజమే. కానీ ఫిల్ములో ఉన్న పద్యం ఇక మారదు కదా. ఎన్నిసార్లు వేసినా అదే చోట ఊపిరి తీసుకుంటారు."

 ఇంత చిన్న సంగతి నాకు తట్టనే లేదు. ఆయనకూ అప్పుడే తట్టింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వాం.

మర్నాడు పొద్దున్నే పెద్ద రికార్డింగు థియేటరులో తెర మీద కిరీటం పద్యం వేశారు. ఎదురుగా వయొలిన్ల వాళ్ళు బారులు తీరి కూర్చున్నారు. ఆయన వాళ్ళ ముందు నిలబడి, నన్ను పక్కన నిలబెట్టుకున్నాడు. అత్తయ్య ఊపిరి తీసుకోబోయే ముందు నేను చెయ్యెత్తాలి. అది చూసి ఆయన వాద్యగాళ్ళకు సైగ చేస్తాడు. కింది స్థాయి వాద్యాలు శ్రుతి పట్టుకుని ఉంటాయి, ఊపిరి సందుల్లో వయొలిన్లు బదులు పలుకుతాయి. హార్మోనియం పని అంతమంది చేస్తారన్నమాట. నా పాత పెట్టె శ్రుతి వాళ్ళ లెక్క కంటే రవ్వంత పైకి ఉందట. వయొలిన్ల వాళ్ళు తీగలు బిగించి సరిచేసుకున్నారు. వేణువు ఆయన, వెదురును కోసి కురచ చేయలేను కదా అని గొణిగి టీకి పోయాడు.

మొదటిసారి నేనే చెడగొట్టాను. తెర మీద అత్తయ్య భుజం చూస్తూనే, ఎక్కడ మారుస్తుందో, ఎక్కడ ఇంకో గమకం వేస్తుందోనన్న పాత భయం. చెయ్యి ముందే ఎత్తేశాను. వయొలిన్లు ఆమె మాట మీద పడ్డాయి. మళ్ళీ వేశారు. ఈసారి ఆలస్యమైంది. మళ్ళీ వేశారు. నాలుగైదు సార్లు చూశాక గానీ నా మనసు నమ్మలేదు, తెర మీది మనిషి మారదని. జనాన్ని చూసి పెంచదు, నా మీద కోపమొచ్చి తుంచదు. ఆ తర్వాత మాకు సందులన్నీ వచ్చేశాయి. ఇంకాసేపటికి ఆయనకు నా చెయ్యి కూడా అక్కర్లేకపోయింది. మీరిక కూర్చోండమ్మా అన్నాడు.

వెళ్ళి అత్తయ్య పక్కన కూర్చున్నాను. దీపాలు తగ్గించారు. తెర మీద రాజు కిరీటం తీశాడు. కింద నుంచి శ్రుతి సన్నగా మొదలైంది. ఒక్కో పాదం చివర ఆమె ఊపిరి తీసుకుంటే, అన్ని వయొలిన్లూ ఆ ముక్కనే అందుకుని, ఆమె మళ్ళీ నోరు తెరిచేసరికి తప్పుకుంటున్నాయి. చివరి రాగం దగ్గర ఆయన అందరినీ ఆపేశాడు. శ్రుతి కూడా లేదు. ఆ గొంతు ఒక్కటే పైకి పోయి, నిలబడి, దిగింది. దిగాక అప్పుడు వచ్చాయి వయొలిన్లన్నీ, షావుకారు గారు కోరుకున్న సముద్రంలా.

పెళ్ళిచూపుల నాటి నుంచి ఆ గొంతు వెంట పరిగెత్తుతూనే ఉన్నాను. వేళ్ళు కదపకుండా, భుజం చూడకుండా, ఊరికే కూర్చుని ఆమె పద్యం వినడం నాకు అదే మొదటిసారి. ఇంత బాగా పాడుతుందని నాకు తెలియదు. నిజంగా తెలియదు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. షావుకారు గారు వెనక వరసలో ముక్కు చీదుకుంటున్నారు. వాద్యగాళ్ళు కమానులతో స్టాండ్ల మీద తడుతున్నారు, అది వాళ్ళ చప్పట్లట. గాయకురాలి మాట ఇక ఎవరూ ఎత్తలేదు. నా గుండెల మీది బరువంతా దిగిపోయి, ఒళ్ళు తేలికై, అక్కడే నిద్రపోవాలనిపించింది.

సినిమా ఎన్నాళ్ళు ఆడిందని మాత్రం అడక్కండి. గుంటూరులో, చీరాలలో, నరసరావుపేటలో కొన్ని రోజులు ఆడి, తర్వాత వీసీడీలుగా బస్టాండుల్లో అమ్మారు. మిర్చి యార్డులో షావుకారు గారి కొట్లో అది ఏళ్ళ తరబడి మోగుతూనే ఉందని విన్నాను. నా దృష్టిలో ఆ సినిమా ఆ పొద్దునే, ఆ థియేటరులోనే ఆడేసింది.

మధ్యాహ్నం బయటికొచ్చి రోడ్డు మీద చెరుకు రసం బండి దగ్గర నిలబడ్డాం. షావుకారు గారు ఆటో కోసం చూస్తున్నారు. అత్తయ్య ముఖం తిప్పుకుని రోడ్డు మీద పోయే బండ్లు చూస్తోంది. బాగాలేదేమో, వయొలిన్లు నచ్చలేదేమోనని నాకు అనుమానమొచ్చింది. అప్పుడు రోడ్డు వైపే చూస్తూ, చాలా మామూలుగా అంది.

"నువ్వు పైన గట్టిగా నొక్కుతావని నాకు తెలవదనుకున్నావా?"

 ఎప్పటి నుంచి తెలుసని అడిగాను. నొక్కిన మొదటి రోజు నుంచే తెలుసట. తెలిసినట్టు చెబితే నేను మానేస్తానేమో, మానేస్తే జనానికి తెలిసిపోతుందేమోనని ఊరుకుందట. నాటకం ఉన్న రోజు పొద్దుట్నుంచీ ముద్ద దిగేది కాదట. ఈసారి పైకి పోతే వస్తుందో రాదో, ఏ ఊళ్ళో, ఎవరి ముందు విరుగుతుందోనని. నేనేమో ఇన్నాళ్ళూ ఆమె తిండి మానేస్తే నా వంట మీద అలక అనుకున్నాను.

"ఇయ్యాళ విన్నా గదా. నువ్వు నొక్కకుండానే నిలబడింది అది. ఇంక అక్కడే ఉంటది. నా దగ్గర లేకపోయినా ఏం కాదు," అంది. కాస్త ఆగి, "నేను మానేస్తానమ్మాయ్," అంది.

ఈ మాట ఏదో ఒక రోజు వినాల్సి వస్తుందని, విన్న రోజు తట్టుకోలేనని ఎంత భయపడ్డానో. తీరా వింటే నాకు దుఃఖం రాలేదు. సరే అత్తయ్యా అన్నాను. మీరు చెప్పిందే మంచిది అని కూడా అన్నాను, ఆ ఇంటికొచ్చాక ఆ మాట అనడం అదే మొదలేమో. ఆమె తల తిప్పి నన్ను ఎగాదిగా చూసి నవ్వింది. ఇది స్టేజి నవ్వు కాదు.

బండి అతను రసం గ్లాసులో పోస్తూ, ఐసు వెయ్యనా అన్నట్టు డబ్బా చూపించాడు. నేను అలవాటుగా వద్దని చెయ్యి ఊపబోయాను. గొంతు పాడవుతుందని ఎండాకాలంలో కూడా కుండనీళ్ళు ముట్టని మనిషి మా అత్తయ్య. గోరువెచ్చని నీళ్ళ చెంబు లేకుండా ఊరు దాటదు. ఆమె నా చెయ్యి పక్కకు నెట్టి, తన గ్లాసు అతని ముందుకు జరిపి, నిండా వెయ్యమని సైగ చేసింది. ఐసు ముక్కలు గ్లాసంతా నింపాడతను. అంచుకు పెదవి ఆనించి, పళ్ళు జివ్వుమంటే కళ్ళు మూసుకుని, మళ్ళీ తాగింది. ఖాళీ అయ్యాక మిగిలిన ఐసు ముక్క నోట్లో వేసుకుని, కరకర నమిలి, ఇంకో గ్లాసు అడిగింది.